పసిబిడ్డ ఏడ్చినా మూత తీయకు: జపాన్ సామెతల వెనకున్న పనితనం

జపాన్ సామెతలంటే మన ఫోన్లలో తిరిగేవి ఓ నాలుగైదు. ఏడుసార్లు పడితే ఎనిమిదోసారి లేవాలని, రాయి మీదైనా మూడేళ్లు కూర్చోవాలని, కోతి కూడా చెట్టు మీంచి పడుతుందని. వెనక ఉదయించే సూర్యుడి బొమ్మ, పైన పెద్ద అక్షరాలు. అవి చెడ్డ మాటలేం కావు. కానీ అక్కడే ఆగిపోతే జపాన్ వాళ్లు 'కొతొవజా' అని పిలుచుకునే సంపదలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే భాగం కంటపడదు. పొయ్యి దగ్గర, పెరటి చెట్ల కింద, పడవ రేవుల్లో, సముద్రం ఒడ్డు పల్లెల్లో పుట్టిన సామెతలవి. పని చెడిపోకుండా చూడటం వాటి ఉద్యోగం. అందుకే అలాంటి ప్రతి మాట వెనకా ఒక షరతు ఉంటుంది: ఏ కాలంలో, ఏ చెట్టుకి, ఎంత కుండకి, ఎవరితో అన్నప్పుడు అని. షరతు వదిలేసి మాట ఒక్కటే పట్టుకుంటే అదే సామెత మనల్ని ముంచుతుంది కూడా.

ముందు వంటింటి సామెత చూద్దాం. 'హజిమె చొరొచొరొ, నాక పప్పా, అకగొ నయితె మొ ఫుత తొరు నా.' మొదట సన్నసన్నగా, మధ్యలో భగభగా, పసిబిడ్డ ఏడ్చినా మూత తీయకు. కట్టెల పొయ్యి మీద అన్నం వండే పద్ధతి ఇది. మధ్యలో ఇంకో రెండు ముక్కలు కలిపి చెప్పడం కూడా ఉంది: బుడబుడమంటున్నప్పుడు మంట లాగెయ్యి, చివర్లో పిడికెడు గడ్డి వేసి మండించు. మట్టితో కట్టిన 'కమదో' పొయ్యి, దాని మీద నడుము చుట్టూ రెక్కలాంటి అంచున్న ఇనప పాత్ర, పైన బరువైన చెక్కమూత. ఈ మూడూ కళ్లముందు పెట్టుకుంటే పాటలో ప్రతి ముక్కా అర్థమవుతుంది.

జపాన్‌లో బియ్యం కొలత 'గో'. ఒక గో అంటే 180 మిల్లీలీటర్లు, బరువులో 150 గ్రాములు. నీళ్లు కొలతలో 1.2 రెట్లు, బరువులో అయితే ఒకటిన్నర రెట్లు. రెండు గోల బియ్యానికి 430 నుంచి 450 మిల్లీలీటర్లు సరిపోతాయి. ఆ ఏడు పండిన కొత్తబియ్యమైతే కాస్త తగ్గించాలి. కడిగాక వేసవిలో అరగంట, చలికాలంలో గంట నానాలి. ఇది గంజి వార్చే వంట కాదు, అత్తెసరు. పోసిన నీళ్లు ఆవిరిగా పోయింది పోగా మిగతాదంతా గింజలోకే వెళ్లాలి. అందువల్ల మధ్యలో సరిదిద్దుకునే అవకాశం లేదు. మూత తీయొద్దన్న కట్టడికి మూలం ఇక్కడుంది.

మొదటి సన్నమంట ఎందుకంటే, ఎసరు మరిగేలోపు గింజ లోపలిదాకా నీరూ వేడీ చేరాలి. నీళ్లు 40 నుంచి 60 డిగ్రీల మధ్య ఉన్నంతసేపు బియ్యంలోని ఎంజైములు పిండిపదార్థాన్ని కొంత చక్కెరగా మారుస్తాయి. అన్నానికి తీపి అక్కడ వస్తుంది. మరుగు పట్టడానికి సుమారు పది నిమిషాలు పట్టాలి. రెండు మూడు నిమిషాల్లో మరిగిపోతే పైన మెత్తబడి లోపల పలుకు మిగిలిపోతుంది. మరీ సాగదీస్తే గింజ పైపొర ఉబ్బి జిగురై అన్నం ముద్ద కడుతుంది. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ పాట పెద్ద కుటుంబాల పెద్ద పాత్రకు కట్టింది, పది గోల బియ్యాన్ని ఒకేసారి వండేదానికి. రెండు గోల చిన్నగిన్నెను గ్యాస్ మీద పెట్టి 'చొరొచొరొ' అన్నారు కదా అని బాగా సన్నసెగ పెడితే మరుగు రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, అన్నం పాడవుతుంది. చిన్నగిన్నెకు మధ్యస్థంగా పెట్టి, పది నిమిషాల్లో మరిగేలా చూసుకోవడమే ఆ మాటను సరిగ్గా పాటించడం.

మధ్యలో భగభగ మంట గింజలన్నిటినీ పైకీ కిందకీ తిప్పుతుంది. ఆ ఉడుకు బలంగా ఉంటే ఆవిరి పైకి తన్నుకొచ్చి అన్నం మీద చిన్న చిన్న రంధ్రాలు పడతాయి. వాటిని అక్కడ పీతబొరియలు అంటారు. మూత తీశాక అవి కనిపిస్తే వంట కుదిరినట్టే. బియ్యంలోని పిండి పూర్తిగా ఉడకాలంటే 98 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు నిలబడాలి. మంట తగ్గించాక కూడా ఆ వేడిని పట్టి ఉంచేది మూతే. మధ్యలో తీస్తే ఆవిరి ఒక్కసారిగా పోయి వేడి పడిపోతుంది, గింజ నడుమ పలుకు అలాగే ఉండిపోతుంది, మళ్లీ మూత పెట్టి మంట పెంచితే కింద మాడుతుంది. పిడికెడు గడ్డి మంట అడుగున మిగిలిన తడిని తరిమేయడానికి. ఆ తర్వాత పది పదిహేను నిమిషాలు ఆవిరి మీద మగ్గనివ్వాలి. అప్పుడు మూత తీసి, తడిపిన చెక్క గరిటెతో అన్నాన్ని అడ్డంగా నిలువుగా నాలుగు భాగాలు చేసి, అడుగు నుంచి పైకి తిరగెయ్యాలి. పాటలో ఈ చివరి మాట లేదు గానీ, తిరగెయ్యకపోతే లోపలి ఆవిరి నీరై అడుగుభాగం చిత్తడిగా తయారవుతుంది.

ఇక తోటలోకి వస్తే అక్కడి వాళ్లు తరచూ అనే మాట 'సకుర కిరు బక, ఉమె కిరను బక'. చెర్రీ కొమ్మలు కోసేవాడు మూర్ఖుడు, ఉమే కొమ్మలు కొయ్యనివాడూ మూర్ఖుడే. ఉమే అంటే చలికాలం చివర్లో పూసే, ఊరగాయ పెట్టుకునే పుల్లటి కాయల చెట్టు. రెండూ దగ్గర చుట్టాలే అయినా గాయాన్ని తట్టుకునే తీరు వేరు. చెర్రీ కొమ్మ నరికితే ఆ గాయం మూసుకోవడానికి చాలాకాలం పడుతుంది. ఈలోపు బూజులు లోపలికి దిగి కొమ్మనీ, తర్వాత మానునీ పుచ్చబెడతాయి. ఉమే అలా కాదు. కత్తిరించకపోతే నిటారుగా పొడవాటి కొమ్మలు ఎగబాకుతాయి, వాటి మీద పూలు తక్కువ. పూలూ కాయలూ ఎక్కువగా వచ్చేది పొట్టి రెమ్మల మీద. పొడుగు కొమ్మలు గుబురుగా కమ్మేస్తే లోపలికి వెలుతురు చేరక ఆ పొట్టి రెమ్మలే ఎండిపోతాయి. పూలకోసం పెంచే ఉమేని పూత అయిపోగానే, కాయలకోసం పెంచేదాన్ని ఆకురాలిన చలికాలంలో కత్తిరిస్తారు. వేసవి నడిమికల్లా వచ్చే ఏటి పూమొగ్గలు తయారవడం మొదలవుతుంది కాబట్టి ఆ తర్వాత కోతకు దిగితే పూతను కోసుకున్నట్టే.

ఇక్కడే షరతు తెలియకపోతే జరిగే నష్టం కనిపిస్తుంది. చెర్రీని అసలు ముట్టుకోకూడదని అనుకునేవాళ్ల చెట్టు ఇంకో దారిలో చస్తుంది. జపాన్ అంతటా కనిపించే సొమెయ్ యోషినో రకానికి చీపురుకట్ట తెగులు సులభంగా పడుతుంది. ఒక బూజు వల్ల ఒకేచోట సన్నరెమ్మలు చీపురులా గుంపుగా పుట్టుకొస్తాయి. వసంతంలో చెట్టంతా పూలతో ఉంటే ఆ గుంపు మాత్రం పూలు లేకుండా పచ్చటి ఆకులేసుకుంటుంది. వదిలేస్తే తెగులు చెట్టంతా పాకుతుంది. దాన్ని చలికాలంలో, చెట్టు నిద్రలో ఉన్నప్పుడు, ఉబ్బిన మొదలుతో సహా కోసి కాల్చెయ్యాల్సిందే. కోసేటప్పుడు కొమ్మ మానును కలిసేచోట ఉండే ఉబ్బెత్తు మడతను ముట్టుకోకుండా దాని అంచుకు కొయ్యాలి. మొండి ముక్క వదలకూడదు, అలాగని మానుకు ఆనించి నున్నగానూ కొయ్యకూడదు. మొండి ముక్క వదిలితే అది పుచ్చి ఆ పుచ్చు లోపలికి దిగుతుంది, ఆనించి కోస్తే గాయం రెట్టింపవుతుంది. కోసిన వెంటనే బూజుమందు కలిసిన పేస్టు పూస్తారు.

ఈ సామెతను తెలిసి దాటినవాళ్ల పేరు చెప్పాలంటే హిరొసాకి పార్కు తోటమాలులది చెప్పాలి. ఆ పార్కున్న ఆఒమోరి జిల్లా ఆపిల్ తోటలకు పెట్టింది పేరు. అక్కడి తోటమాలులు ఆపిల్ చెట్లకు వాడే కత్తిరింపు పద్ధతిని చెర్రీలకు పట్టుకొచ్చారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఇంకా మంచు ఉండగానే పాతకొమ్మలు తీసి కొత్తకొమ్మలకు చోటిస్తారు, ఎరువు వేస్తారు, తెగుళ్లకు మందు కొడతారు. సొమెయ్ యోషినోకి అరవై ఎనభై ఏళ్లే ఆయుష్షని సాధారణంగా అనుకుంటారు. ఆ పార్కులో నూరేళ్లు దాటినవి మూడువందలకు పైగా ఉన్నాయి, 1882లో నాటిన చెట్టు ఇప్పటికీ పూస్తోంది. అయినా సామెత అబద్ధమని నేననను. చెట్టు సంగతి తెలియని చెయ్యి కత్తెర పట్టొద్దన్నదే దాని ఉద్దేశం, ఆ మేరకు అది నూటికి నూరుపాళ్లు నిజం.

'పీచ్, చెస్ట్‌నట్ మూడేళ్లు, పెర్సిమన్ ఎనిమిదేళ్లు' అన్న సామెతకీ ఇలాంటి షరతే. ఆ లెక్క గింజ నాటితే. అంటుమొక్క అయితే అంతకన్నా ముందే కాపుకొస్తుంది. దానికి తోకలా 'యుజు నిమ్మ పద్దెనిమిదేళ్లు' అని కలపడం కూడా ఉంది.

పొలం సామెతల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రైతుల్లో మూడు తరగతుల గురించిన మాట. ఉత్తమ రైతు కలుపు కనపడకముందే తీస్తాడు, మధ్యముడు కనపడ్డాక తీస్తాడు, అధముడు కనపడినా తీయడు. మియజాకి యసుసద 1697లో అచ్చువేయించిన వ్యవసాయ గ్రంథంలోనూ ఈ మాట ఉంది. కనపడని కలుపును ఎలా తీస్తామంటే, విత్తనం మొలిచి ఇంకా దారప్పోగులా తెల్లగా ఉన్నప్పుడు పైమన్నును రెండు మూడు సెంటీమీటర్ల లోతున గీరాలి. ఎండ కాసే పొడిరోజున పొద్దున్నే గీరితే సాయంత్రానికి ఆ వేళ్లు ఎండిపోతాయి. వానకు ముందు గీరితే లాభం లేదు, పెకలించిన మొలకే మళ్లీ నాటుకుంటుంది. అవసరానికి మించి లోతుగా గీరినా నష్టమే, అడుగున నిద్రపోతున్న కలుపు విత్తనాలు వెలుతురులోకి వచ్చి కొత్తగా మొలుస్తాయి. నాలుగాకులు వేశాక పీకాలంటే పని ఎన్నో రెట్లు పెరుగుతుంది.

వాతావరణ సామెతలది కాస్త తొందరగా చెప్పేస్తాను. 'సాయంత్రం ఆకాశం ఎర్రబడితే కొడవలి నూరుకో' అంటారు, మర్నాడు ఎండ కాస్తుంది, కోతకు దిగొచ్చని. జపాన్ మీద వాతావరణం పడమటి నుంచి తూర్పుకు కదులుతుంది కాబట్టి, అస్తమయం ఎర్రగా కనపడిందంటే పడమట చాలాదూరం మబ్బు లేదన్నమాట. ఇది వసంతంలోనూ శరత్తులోనూ బాగా పనిచేస్తుంది, అప్పుడు పొడిగాలులూ వానమబ్బులూ నాలుగైదు రోజులకోసారి వంతులవారీగా వస్తాయి. జూన్ నాటి వానకారులో మబ్బు వరస ఒకేచోట తిష్ఠవేస్తుంది, తుపాను దక్షిణం నుంచి వస్తుంది, ఆ రెండు సందర్భాల్లో ఈ లెక్క తప్పుతుంది. 'ఎండైనా చలైనా హిగన్ దాకానే' అన్నది ఇంకా నమ్మకమైన మాట. మార్చిలో, సెప్టెంబరులో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు ముందు మూడు, వెనక మూడు కలిపి వచ్చే ఏడు రోజులే హిగన్.

'ఇసొగబ మవరె', తొందరైతే చుట్టుదారిన పో. దీన్ని నిదానమే ప్రధానమన్న అర్థంలో వాడేస్తుంటారు గానీ, ఈ మాట పుట్టిన చోటు చూస్తే లెక్క ఇంకోటి. ఎదో (నేటి టోక్యో) నుంచి క్యోతో వెళ్లే తోకైదో బాటలో, బివా సరస్సు దక్షిణపు కొసన ప్రయాణికుడికి రెండు దారులు. యబసె రేవులో పడవెక్కి నీటి మీదుగా ఒత్సు చేరడం ఒకటి, ఒడ్డంట నడిచి సెతా పొడవాటి వంతెన దాటి చుట్టూ తిరిగి వెళ్లడం రెండోది. యబసె పడవ వేగమే గానీ తొందరైతే సెతా వంతెన మీదుగా తిరిగి పొమ్మని చెప్పే పద్యం ఒకటుంది, దాన్ని సోచో అనే కవి (1448–1532) రాశాడని చెబుతారు. పడవ మీద ఎందుకు నమ్మకం లేదంటే, పక్కనున్న కొండల మీంచి ఉన్నట్టుండి సరస్సు మీదకు గాలి దిగుతుంది. గాలి లేస్తే పడవ ఆగుతుంది, నడిమధ్యలో ఉంటే బోల్తాపడే ప్రమాదమూ ఉంది. వంతెన దారి పొడవే, కానీ ఎంతసేపు పడుతుందో బయల్దేరేముందే తెలుసు.

అంటే ఈ సామెత పోల్చమంటున్నది రెండు దారుల సగటు వేగాన్ని కాదు, ఒక్కో దారిలో జరగగల అతిపెద్ద ఆలస్యాన్ని. ఫలానా పొద్దుకు చేరితీరాలి అన్నప్పుడు, మంచిరోజున గంట ఆదా చేసి చెడ్డరోజున పూటంతా తినేసే దారి పనికిరాదు. గడువు లేనప్పుడు, గాలి లేనప్పుడు పడవే మేలు. జనం కూడా అలాగే చేశారు, యబసె రేవు బాగా నడిచింది. ఆ ప్రాంతపు ఎనిమిది అందాల్లో యబసెకు తిరిగొచ్చే తెరచాపలూ ఒకటి, సెతా వంతెన దగ్గరి సాయంసంధ్యా ఒకటి.

ఇప్పుడు ప్రాణాలకు సంబంధించినది. జపాన్ ఈశాన్య తీరంలో, సన్‌రికు అనే ప్రాంతంలో, 'త్సునామి తెన్‌దెన్‌కొ' అని ఒక మాటుంది. సునామీ వస్తే ఎవరికి వారే పరుగెత్తండని. పైపైన వింటే కఠినంగా ఉంటుంది. 1896 జూన్ 15 సాయంత్రం అక్కడ వచ్చిన భూకంపం చాలా మెల్లగా తెలిసింది, దాంతో జనం ఎక్కడివాళ్లక్కడే ఉండిపోయారు. తర్వాత వచ్చిన అల సుమారు 22,000 మందిని పొట్టనపెట్టుకుంది. 1933 మార్చి 3న మళ్లీ వచ్చి మూడువేలమంది దాకా పోయారు. ఒకరికోసం ఒకరు వెనక్కి వెళ్లి కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోవడం అక్కడి పల్లెలు పదేపదే చూశాయి. ఆ అనుభవానికి పెట్టిన పేరు ఇది. సునామీ చరిత్ర రాసిన యమషిత ఫుమియో 1990లో తారో పట్టణంలో జరిగిన సభలో చెప్పాక దేశమంతా తెలిసింది.

ఈ మాట పనిచేయాలంటే షరతు ఒక్కటే, చాలా గట్టిది. భూమి కంపించకముందే, ఇంట్లో అందరూ కూర్చుని ఎవరు ఎక్కడున్నా ఏ గుట్ట ఎక్కాలో మాట్లాడుకుని ఉండాలి. బిడ్డ బడి నుంచి నేరుగా గుట్ట ఎక్కుతాడన్న నమ్మకం తల్లికి ఉంటేనే ఆమె బడివైపు పరుగెత్తకుండా ఉండగలదు. అమ్మ తనకోసం ఆగదన్న నమ్మకం బిడ్డకు ఉంటేనే వాడు ఇంటివైపు తిరగడు. ఆ ఒప్పందం లేకపోతే ఆ క్షణంలో ఎవరూ ఎవరినీ వదిలి పోరు, పోలేరు. ఆ తీరంలోనే ఉన్న కమయిషి నగరంలో తోషితక కతద అనే విపత్తుల నిపుణుడు కొన్నేళ్లపాటు పిల్లలకు మూడు సూత్రాలు నేర్పారు: ముందే వేసిన అంచనాలను నమ్మొద్దు, ఆ సమయంలో చేయగలిగినదంతా చెయ్యి, అందరికన్నా ముందు నువ్వు పరుగెత్తు. 2011 మార్చి 11న సునామీ వచ్చినప్పుడు అక్కడి ఉనొసుమయి ప్రాంతంలో మాధ్యమిక పాఠశాల పిల్లలు పరుగందుకున్నారు, వాళ్లను చూసి పక్కనున్న ప్రాథమిక పాఠశాల పిల్లలు కదిలారు. ముందనుకున్న చోటు చేరాక అక్కడా ఆగకుండా ఇంకా పైకి వెళ్లారు. ఆ నగరంలో మూడువేలమంది దాకా ఉన్న బడిపిల్లల్లో దాదాపు అందరూ బతికారు. ముందు పరుగెత్తేవాణ్ణి చూసి మిగతావాళ్లు కదులుతారు కాబట్టి తన ప్రాణం కాపాడుకోవడమే పక్కవాడికి చేసే సాయం కూడా. మంచంపట్టిన పెద్దలనూ చంటిపిల్లలనూ వదిలేయమని కాదు, వాళ్లను ఎవరు ఎత్తుకుపోవాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి.

మియాకో దగ్గర అనెయోషి అనే పల్లెలో ఒక రాయి ఉంది. 1933 తర్వాత నిలబెట్టింది. ఈ చోటికి దిగువన ఇళ్లు కట్టొద్దని దాని మీద చెక్కారు. ఊరు ఆ మాట విన్నది. 2011లో నీళ్లు ఆ రాయికి దిగువనే ఆగిపోయాయి.

మనుషుల మధ్య వాడే సామెతల్లో షరతు మరిచిపోవడం వల్ల బాగా చెడింది 'ఇషి నొ ఉఎ ని మొ సన్నెన్'. చల్లటి రాయి అయినా మూడేళ్లు కూర్చుంటే వెచ్చబడుతుందని. పని నేర్చుకునే వయసులో, నేర్పేవాళ్లు ఉన్నచోట, ఇది బంగారంలాంటి మాట. కానీ కొత్తగా చేరిన ఉద్యోగికి మూడేళ్లు నోరుమూసుకుని భరించు అని చెప్పడానికి దీన్ని వాడటం నాకు ఎంతమాత్రం నచ్చదు. రాయి వెచ్చబడుతోందా లేదా అన్నది చూడాలి. ఏడాది తిరిగేసరికి ఒక్క పనైనా ముందుకన్నా బాగా వచ్చిందా, అడిగితే చెప్పేవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? రెండిటికీ కాదనే జవాబైతే అది వెచ్చబడే రాయి కాదు. అలాంటి చోటికి జపాన్ వాళ్ల దగ్గరే ఇంకో మాట ఉంది, ముప్పై ఆరు ఎత్తుగడల్లోనూ పారిపోవడమే మేలని. అది చైనా నుంచి వచ్చిన మాట, అక్కడ ఎప్పుడో సొంతమైపోయింది.

ఒకదానికొకటి ఎదురు చెప్పే సామెతలను చూసి ఇక వీటిలో తెలివేముందని కొట్టిపారేసేవాళ్లున్నారు. 'ముగ్గురు కూడితే మంజుశ్రీ అంత తెలివి' అని ఒకపక్క, 'సరంగులు ఎక్కువైతే పడవ కొండెక్కుతుంది' అని ఇంకోపక్క. నా ఉద్దేశంలో ఇవి ఎదురు చెప్పుకోవడం లేదు. మొదటిది ఆలోచన దొరకని వేళకు, ముగ్గురూ మామూలువాళ్లే అయినప్పుడు. రెండోది ఆలోచన తేలిపోయి పని నడుస్తున్నప్పుడు, చుక్కాని మీద ముగ్గురి చేతులూ ఉన్నప్పుడు. సమావేశంలో ఏ దశలో ఉన్నామో చూసుకుంటే ఏ సామెత వాడాలో దానంతటదే తెలుస్తుంది. 'మంచిపనికి తొందరపడు', 'తొందరపడితే పని చెడుతుంది' అన్న జత కూడా ఇంతే. క్షమాపణ చెప్పడం, సాయం చేయడం లాంటివి ఆలస్యమైతే మనసు మారిపోతుంది కాబట్టి మొదటిది. చేతిపనికి, లెక్కకు, సంతకానికి రెండోది.

జపాన్ వాళ్లే తడబడే సామెత 'నసకె వ హితొ నొ తమె నరజు'. ఇతరులపై చూపిన దయ ఇతరులకోసం మాత్రమే కాదు, తిరిగి తిరిగి నీ దగ్గరికే వస్తుందని దాని అర్థం. చివరిమాట పాతకాలపు వ్యాకరణంలో ఉండటం వల్ల, దయ చూపితే అవతలివాడికి మంచిది కాదు, చెడిపోతాడు అని ఉల్టాగా అర్థం చేసుకునేవాళ్లు కోకొల్లలు. జపాన్ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ 2010 సర్వేలో సరైన అర్థం చెప్పినవాళ్లు 45.8 శాతం, తలకిందుల అర్థం చెప్పినవాళ్లు 45.7 శాతం.

ఎవరితో ఏది అనకూడదో కూడా తెలుసుకోవాలి, లేకపోతే మంచి ఉద్దేశంతో అన్నమాటే తిట్టవుతుంది. చేయితిరిగినవాళ్లు పొరపాటు చేసినప్పుడు ఓదార్పుగా 'కోతి కూడా చెట్టు మీంచి పడుతుంది' అనొచ్చు, అదీ సాటివాళ్లతోనే. గురువుతోనో పైఅధికారితోనో అంటే ఆయన్ని కోతితో పోల్చినట్టు. అక్కడ 'కోబోకైనా కుంచె తప్పుతుంది' అన్నది కొంత మర్యాదగా ఉంటుంది. కోబో అంటే కూకయ్ (774–835), బౌద్ధాచార్యుడు, గొప్ప లేఖకుడు. ఓతెన్ ద్వారం పైపలక మీద అక్షరాల్లో ఒక చుక్క మరిచిపోయాడని, పలకను పైకెక్కించాక కింది నుంచి కుంచె విసిరి ఆ చుక్క పెట్టాడని కథ. కొత్తగా నేర్చుకునేవాడి తప్పుకు ఈ రెండూ వాడకూడదు. 'పిల్లి చెయ్యైనా అరువు తెచ్చుకోవాలనిపిస్తోంది' అన్నది ఊపిరాడని పనిలో మన గురించి మనం అనుకునే మాట. సాయానికి వచ్చినవాళ్ల ముందు అంటే వాళ్లను పిల్లిగా లెక్కగట్టినట్టు. 'ఎండుచెట్టైనా కొండకు నిండుదనమే' అన్నది పిలిచినచోటికి వెళ్తూ వయసుమళ్లినవాళ్లు తమ గురించి వినయంగా చెప్పుకునేది. అతిథులను పిలుస్తూ అంటే అంతకు మించిన అవమానం లేదు.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు అక్కడి పిల్లల దారే మంచిదారి, ఇరోహ కరుత అనే చీట్లాట. పాత అక్షరవరస 'ఇరోహ'లోని 47 అక్షరాలకూ చివర 'క్యో' అనే అక్షరానికీ ఒక్కో సామెత, మొత్తం 48. చదివే చీట్లు 48, అందుకునే చీట్లు 48. అందుకునే చీటీ మీద సామెత బొమ్మ, మూలన గుండ్రంలో మొదటి అక్షరం ఉంటాయి. ఆ 48 బొమ్మల చీట్లూ నేలమీద పరుస్తారు, ఒకరు సామెత చదువుతుంటే మిగతావాళ్లు దాని బొమ్మ చీటీని ముందు తాకాలి. తప్పుచీటీ తాకితే ఒక విడత ఆడకుండా కూర్చోబెట్టడం లాంటి శిక్షలుంటాయి. ఎదోలో ఆడిన చీట్లకూ క్యోతో వైపు చీట్లకూ సామెతలే వేరు. 'ఇ' అక్షరానికి ఎదో చీటీలో 'కుక్క తిరిగితే కర్రకు తగులుతుంది' అని ఉంటే, క్యోతోలో 'అంగుళం ముందు చీకటే' అని ఉంటుంది. ఎదో చీట్లలోని 'పూలకన్నా లడ్డూలు', 'వాదనకన్నా రుజువు', 'చౌకబేరం డబ్బు దండగ', 'గొంతు దిగితే వేడి మరిచిపోతాం' లాంటివి నేటికీ రోజువారీ మాటల్లో వినపడతాయి, కాబట్టి మొదట ఆ పెట్టె పట్టుకోవడం మేలు. 'ఒకరాయి రెండుపిట్టలు', 'రెండు కుందేళ్ల వెంటపడితే ఒక్కటీ దొరకదు' అన్నవి ఆ చీట్లలో వెతికితే దొరకవు, అవి పడమటి దేశాల నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవి.

కుక్క సామెతకు రెండు అర్థాలున్నాయి. ఊరికే తిరిగితే దెబ్బలు తింటావన్నది పాతది. బయటికి కదిలితే ఏదో ఒక మంచి ఎదురవుతుందన్నది తర్వాత వచ్చింది. రెండూ నిఘంటువుల్లో పక్కపక్కనే ఉన్నాయి, చెప్పేవాళ్ల గొంతును బట్టి ఏదో తెలుసుకోవాలి.